టైరు మీద తెల్ల గీత

రెక్క ముందంచు మీద ఎండి అతుక్కుపోయిన పురుగుల్ని సిగ్నే తడిగుడ్డతో నానబెట్టి తుడుస్తోంది. గీకకూడదు, గీకితే రంగు లేస్తుంది. గుడ్డ పిండి, పురుగుల మీద పరిచి, వంద లెక్కపెట్టి, అప్పుడు ఒక్కసారి లాగాలి. విమానం ఎగిరిన మర్నాడు పొద్దున్నే ఆ పని చెయ్యడం ఆమెకి పదహారో ఏటి నుంచీ అలవాటు. ఇప్పుడు పంతొమ్మిది.

నిన్న సాయంత్రం ఆ విమానం దిగుతూ దిగుతూ పచ్చిక రన్‌వే దాటి పక్కనున్న సోయా చేలోకి దూసుకుపోయింది. ఎడమ రెక్క కొస నలిగిన పాలడబ్బాలా ఉంది. ఎడమ చక్రం ఉండాల్సిన చోట చెక్కదిమ్మ ఉంది. అయినా పురుగులు పురుగుల్లాగే ఉన్నాయి. నాన్న తుడవమనలేదు, వద్దనీ అనలేదు. వద్దనలేదంటే తుడవమనే అర్థం.

నాన్న హాల్వర్ బల్ల దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు చూసి ఆయన మనసు చెప్పగలదు సిగ్నే. పానా బల్ల మీద పెట్టే చప్పుడుని బట్టి కూడా చెప్పగలదు. టంగుమని పడేశాడంటే భయం లేదు. చప్పుడు కాకుండా, పిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడంటేనే ఇంట్లో అందరూ జాగ్రత్తగా ఉండాలి. ఇవాళ పొద్దుటి నుంచీ షెడ్డులో ఒక్క చప్పుడూ లేదు.

గుడ్డ ముంచడానికి బకెట్ దగ్గరికి వంగినప్పుడు ఆమెకి రంగుని కరిగించే థిన్నర్ వాసన తగిలింది. రంగు పని ఏదీ జరగడం లేదు. మరి థిన్నర్ ఎందుకు?

తలెత్తకుండానే బల్ల వైపు చూసింది. చక్రం విప్పి ఉంది. రెండు చెక్కలుగా ఊడదీసిన రిమ్ము పక్కనే, టైరు గోడకి ఆనించి. ట్యూబు కనబడలేదు. టైరు పక్క గోడ అంతా గడ్డిమరకలూ మట్టీ. ఒక్కచోట మాత్రం, రెండు వేళ్ళ వెడల్పున, కొత్త టైరులా నల్లగా మెరుస్తోంది. రిమ్ము అంచు మీద కూడా అంతే మేర తళతళలాడుతోంది.

అక్కడ ఏముండాలో సిగ్నేకి తెలుసు. తెల్ల గీత ఉండాలి. రిమ్ము మీద మొదలై టైరు మీదికి పాకే ఒక్క గీత. గాలి సరిగ్గా ఉన్నన్నాళ్ళూ ఆ గీత ఒక్కటిగానే ఉంటుంది. గాలి తగ్గితే, నేలకి తగిలిన దెబ్బకి టైరు రిమ్ము మీద జారుతుంది. గీత రెండు ముక్కలై విడిపోతుంది. అది చూస్తే చాలు, ట్యూబు వేసినవాడిది తప్పా, గాలి చూసుకోని వాడిది తప్పా తెలిసిపోతుంది. ఏప్రిల్లో నాన్న ఊళ్ళో లేనప్పుడు, విమానాల మైదానంలో మరమ్మతులు చేసే ఎమెట్ తాత ఈ టైరు విప్పి, అరిగిన వైపు లోపలికి తిప్పి వేశాడు. రంగుడబ్బా ఆయన పట్టుకున్నాడు. గీత గీసింది సిగ్నే.

"చూశావా," అన్నాడు హాల్వర్ ఇటు తిరక్కుండానే. "ముసలాయన గీత గియ్యడం కూడా మర్చిపోయాడు."

సిగ్నే గుడ్డ పిండింది. నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు మరీ పెద్దదిగా వినిపించింది. ఏదో ఒకటి అనాలి. ఎంత ఆలస్యమైతే అంత తెలిసిపోతుంది.

"ఊఁ," అంది.

గుడ్డ రెక్క మీద పరిచి లెక్క మొదలుపెట్టింది. ముప్పై దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఇంటి వెనక అమ్మ లవాన్ బట్టలు ఉతకడానికి వేస్తోంది. ఉతికే ముందు ఆమె నాన్న బట్టల జేబులన్నీ దులిపి, దొరికినవి కిటికీ గట్టు మీద వరసగా పెడుతుంది: వాషర్లు, మేకులు, తీగముక్కలు. విమానం ఎనిమిదేళ్ళు కట్టారు, ఎగరడం మొదలై మూడేళ్ళయింది. ఇన్నాళ్ళలో లవాన్ ఒక్కసారి కూడా గొలుసు గేటు దాటి మైదానం వైపు వెళ్ళలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "వంటింట్లో పని" అనేది. విమానంతో ఆమెకున్న పరిచయం ఆ జేబులదే.

సిగ్నే తువ్వాళ్ళు తెచ్చి ఇస్తూ ఉండగా అమ్మ చెయ్యి ఒక జేబులో ఆగింది. ఒక పాత గుడ్డముక్క బయటికి తీసింది. దాని మీద తెల్లటి మరక. ముక్కు దగ్గర పెట్టుకుంది. కూతురి వైపు చూసింది. గుడ్డని గట్టు మీద పెట్టలేదు. గుప్పిట్లో నలిపి తన ఏప్రన్ జేబులోకి తోసుకుంది.

"ఆ తెల్లవన్నీ ఇటు పడెయ్," అంది మామూలుగా.

అమ్మ కూడా దాస్తుందన్నమాట. ఈ ఇంట్లో దాచేవాళ్ళు ముగ్గురయ్యారు.

మంగళవారం పొద్దున్నే మైదానం చివరి గదిలో కాఫీ. విమానాలున్న వాళ్ళు అరడజను మంది అక్కడ చేరి, ఎగరని రోజు ఎగరడం గురించి మాట్లాడుకుంటారు. వెర్నా కాఫీ పోస్తుంది. ఆమెకీ సొంతంగా కట్టుకున్న విమానం ఉంది, పసుప్పచ్చది. నోరు మాత్రం ఊరందరిదీ కలిపి ఆమెకే ఉంది.

"రా హాల్వర్, రా! సోయా కోత ఎంతదాకా వచ్చింది?" అంది ఆయన తలుపు తియ్యగానే.

అందరూ నవ్వారు. నాన్న మెడ వెనక ఎర్రబడడం వెనకే వచ్చిన సిగ్నే చూసింది. వెర్నా అందించిన కప్పుని రెండు చేతులా పట్టుకుంది.

"నవ్వు వెర్నా, నవ్వు," అన్నాడు హాల్వర్ కూర్చుంటూ. "రేపు నీ పసుప్పచ్చ బాతు చక్రాలు కూడా ఆ చేతుల్లోంచి రావలసినవే."

"ఏ చేతులు?"

"ఏ చేతులా? పొద్దున్నే కప్పు పట్టుకుంటే సగం కాఫీ సాసర్లో ఉంటుందే, ఆ చేతులు. రిమ్ము చెక్కల మధ్య ట్యూబుని నొక్కేసి బోల్టులు బిగించాడు. నాలుగు నెలలు ఆగింది, ఆదివారం పేలింది. నేను కాబట్టి చేలోకి పోనిచ్చి ఆపాను. పక్క సీట్లో పిల్ల ఉండి ఉంటే?"

నవ్వులు ఆగిపోయాయి. మైదానం వ్యవహారాలు చూసే రాండల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నెమ్మదస్తుడు, పాడి పశువులతో మాట్లాడినట్టే మనుషులతోనూ మాట్లాడతాడు.

"మరి గీత ఏం చెప్తోందయ్యా?"

"గీత ఉంటే కదా చెప్పడానికి! గియ్యనే లేదు."

"ఎమెట్ గీత గియ్యకుండా వదలడే."

"రిమ్ము నా బల్ల మీదే ఉంది. నీ కళ్ళతోనే చూసుకో."

రాండల్ సిగ్నే వైపు తిరిగాడు. "అక్కడే తిరుగుతుంటావుగా అమ్మాయ్, నువ్వు చూశావా?"

నాన్న ఆమె వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. గదిలో ఏడుగురు. ఏడుగురూ మంచివాళ్ళే. సాయంత్రానికి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోతారు. తను మాత్రం ఆ ఇంటికే వెళ్ళాలి.

"నిన్న నేను చూసినప్పుడు లేదు," అంది.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అయినా నాలుక మీద ఇనుము చప్పరించినట్టు అనిపించింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎమెట్ టోపీ తీసి దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. మైదానంలో సగానికి పైగా విమానాల్ని ఏడాదికోసారి విప్పి చూసి, పుస్తకంలో సంతకం పెట్టేది ఆయనే. అందుకు బదులుగా చివరి షెడ్డు ఆయనకి వదిలారు. భార్య పోయాక ఆయన పొద్దంతా ఉండేది అక్కడే.

"ఏంటర్రా, నేను రాగానే చర్చిలో ఉన్నట్టు కూర్చున్నారు?"

"చేతులెలా ఉన్నాయి పెద్దాయనా?" అన్నాడు హాల్వర్.

ఎమెట్ తన చేతుల వైపు, ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు. "పొద్దుట పూట కాస్త ఆడతాయి. టైర్లలో పౌడరు జల్లడానికి మహా బాగుంటుంది."

ఎవరూ నవ్వలేదు. రాండల్ గొంతు సవరించుకున్నాడు. "శనివారం ఇక్కడ పాన్‌కేకుల ఫలహారం అయ్యాక అందరం ఓసారి కూర్చుందాం ఎమెట్. సంతకాల సంగతి... షెడ్డు సంగతి కూడా."

"ఓహో," అన్నాడు ఎమెట్. కాఫీ పోసుకోలేదు. బయటికి వెళ్తూ సిగ్నే వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

బుధవారం ఇంటి చెత్త కాల్చేరోజు. పెరట్లో ఇనప పీపా, దాని మీద రేకు మూత. మూత తీస్తే ఊరికి వినబడేంత చప్పుడు. సిగ్నే అట్టముక్కలు లోపల వేసి కర్రతో కుక్కబోతే అడుగున ఏదో మెత్తగా తగిలింది. కోడిగుడ్ల అట్టల కింద, వార్తాపత్రికలో చుట్టి, నల్లటి ట్యూబు.

వెనక్కి తిరిగి చూసింది. నాన్న మిల్లులో పనికి వెళ్ళాడు; నాలుగింటికి గాని రాడు. అయినా చూసింది. ట్యూబు తీసి చెయ్యి పెట్టి తడిమింది. వాల్వు మొదట్లో, కాడ ట్యూబుకి అతికే చోట, ఒక పక్క నుంచి చిరిగి వేలాడుతోంది. అగ్గిపుల్ల ఇంకో చేతిలో ఉంది. గీసి పడేస్తే అయిపోతుంది. రబ్బరు నల్లగా పొగ చిమ్ముతుంది, పది నిమిషాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. అగ్గిపుల్ల జేబులో పెట్టుకుంది. ట్యూబు బకెట్ అడుగున పెట్టి, పైన బీన్స్ కోసి నింపి, గొలుసు గేటు తీసుకుని మైదానం వైపు నడిచింది.

ఎమెట్ షెడ్డులో చక్రం బేరింగులు కడుగుతున్నాడు. బీన్స్ చూసి "నాకా?" అన్నాడు. కింద ఉన్నది చూశాడు. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ట్యూబుని వెలుగు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన వేళ్ళు దాని మీద పాకుతుంటే వణకడం లేదు. పని చేస్తున్నప్పుడు అవి ఎప్పుడూ వణకలేదు.

"రిమ్ము మధ్య పడి నలిగితే పాము కాటేసినట్టు గాట్లు పడతాయి, లోపలి అతుకు వెంబడి. ఇదిగో, ఇక్కడ. ఏమన్నా ఉందా? లేదు. ఇదేమో వాల్వు దగ్గర చిరిగింది. టైరు జారింది, ట్యూబుని తనతో లాక్కుపోయింది, వాల్వు మాత్రం రిమ్ము కన్నంలో ఇరుక్కుని ఉండిపోయింది. గాలి లేక జరిగింది, అంతే."

"తాతా, ఆ గీత నేను గీశాను."

"తెలుసమ్మా. బాగా గీశావు."

"మరి నిన్న నేను..."

"విన్నాను. తలుపవతలే ఉన్నాను, బూట్లకి మట్టి గీక్కుంటూ."

సిగ్నే ముఖం మండిపోయింది. ఆయన ఆమె వైపు చూడకుండా బేరింగుకి గ్రీజు పట్టించడం మొదలుపెట్టాడు.

"మీరెందుకు చెప్పలేదు మరి?"

"ఏమని? మే నెలలో మీ నాన్న చక్రాల మీద బిగించే తొడుగులకి కొత్త రంగు వేసి నాకు చూపించాడు. గాలి కొట్టే కన్నం మూసేశాడు. రెండు మైళ్ళ వేగం కలిసొస్తుందని. కన్నం మూస్తే గాలి చూడాలంటే తొడుగంతా విప్పాలి, పన్నెండు మరలు. ఎవడు విప్పుతాడు వారం వారం? నాకు ఆ క్షణమే తెలుసు. చేతులు జేబుల్లో పెట్టుకుని, 'రంగు బాగా కుదిరిందయ్యా హాల్వర్' అని వచ్చేశాను. ఎవరి చేత్తో వాళ్ళు కట్టుకున్న విమానం. వాళ్ళు అడగనిదే తప్పు చెప్పకూడదు, చేతులు జేబుల్లోంచి తియ్యకూడదు. ఈ మైదానంలో ఆ పద్ధతి పెట్టిందే నేను."

"నేనూ చూశాను తాతా. పోయిన వారం తుడుస్తుంటే. తొడుగు అంచుకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి కదా? ఎడమ వైపు మూడే పట్టాయి. రెండుసార్లు పెట్టి చూశాను. నాన్న కాఫీ తాగుతున్నాడు. తర్వాత చెబుదామనుకున్నాను."

"భయమేసిందా?"

తల ఊపింది.

"ఊఁ." ఆయన ట్యూబుని మళ్ళీ పత్రికలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "తీసుకెళ్ళి పీపాలో వేసెయ్. నాకంటే షెడ్డు పోతే పోతుంది, వెర్నా గరాజులో ఓ మూల పడుంటాను. దాని నోటికి తట్టుకోవడమే కష్టం. నువ్వు ఆ ఇంట్లో తినాలి, ఆ ఇంట్లో పడుకోవాలి. బీన్స్ మాత్రం ఉంచి వెళ్ళు."

ఇంటికొచ్చేసరికి పీపా మూత తీసే ఉంది. సిగ్నే అట్టముక్కలు కాల్చింది. ట్యూబుని తన గది అలమరలో చలికాలం బూట్ల అడుగున పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులూ ఆ అలమర వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ, అటే చూస్తూ గడిపింది.

శుక్రవారం సాయంత్రం నాన్న ఆమెని షెడ్డులోకి పిలిచాడు. కొత్త టైరు, కొత్త ట్యూబు వచ్చాయి. ఆయన ముఖం తేటగా ఉంది. పానా బల్ల మీద టంగుమని పడేశాడు. ఆ చప్పుడుకి సిగ్నే భుజాలు వాటంతటవే దిగాయి.

"రా, పౌడరు తే."

టైరు లోపల పౌడరు జల్లి, అటూ ఇటూ దొర్లించి, మిగిలింది దులిపేశారు. ట్యూబులోకి కాస్త గాలి కొట్టింది సిగ్నే. ముడతలు పోయి ఆకారం నిలబడేంత, అంతకి మించి కాదు. ట్యూబుని టైరులోకి దూర్చి, టైరు మీది ఎర్రచుక్క వాల్వు పక్కకి వచ్చేలా తిప్పింది. హాల్వర్ రిమ్ము చెక్కల్ని రెండు వైపుల నుంచీ పెట్టి, కలిపే ముందు సందులో చుట్టూ వేలు పోనిచ్చి చూశాడు, ట్యూబు ఎక్కడైనా బయటికి వచ్చిందేమోనని. మూడు బోల్టులు. ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మూడోది కొంచెం, మళ్ళీ మొదటిది. గాలి పూర్తిగా కొట్టి, మొత్తం తీసేసి, ట్యూబు లోపల సర్దుకున్నాక మళ్ళీ కొట్టాడు. ఆ చేతులు ఎంత నేర్పుగా పనిచేస్తాయో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సిగ్నే పని నేర్చుకున్నది సగం ఎమెట్ దగ్గరైతే సగం ఆ చేతుల దగ్గరే. ఆదివారం గీత తుడిచింది కూడా అవే చేతులు.

"రెక్క కొస వచ్చేవారం అయిపోతుంది," అన్నాడు హాల్వర్ గేజి చూస్తూ. "అయ్యాక, మొదట నువ్వే తీసుకెళ్ళు. ఒక్కదానివే."

మూడేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూసింది. పక్క సీట్లో కూర్చుని ఆయన చేతులు చూస్తూ, నిద్రలో కూడా దిగడం అభ్యాసం చేస్తూ. ఇప్పుడు ఆ మాట వినబడితే చంకలో చల్లటి చెమట పట్టింది.

"ఏం, సంతోషం లేదా?"

"ఉంది నాన్నా."

ఆయన తెల్లరంగు డబ్బా మూత తెరిచి కుంచె ఆమె చేతికిచ్చాడు. "గీత నువ్వు గియ్యి. ఆయనలా మర్చిపోకుండా."

సిగ్నే మోకాళ్ళ మీద కూర్చుంది. కుంచె కొన డబ్బా అంచుకి రెండుసార్లు రాసింది. రిమ్ము మీద మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, టైరు మీదికి లాగి, చివర్లో కొంచెం ఒత్తి ఆపింది. ఏప్రిల్లో గీసిన గీత ఎలా ఉందో అచ్చం అలాగే వచ్చింది. ఎవరి దస్తూరీ వాళ్ళని వదలదు.

హాల్వర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆదివారం తుడిచిన గీత ఆయన కళ్ళ ముందుకి వచ్చిందేమో ఆమెకి తెలియదు.

"చెయ్యి తిరిగినట్టే ఉందే," అన్నాడు చివరికి.

చక్రం ఎక్కించి, నట్టు బిగించి, పిన్ను దూర్చి వంచాడు. తర్వాత తొడుగు అందుకున్నాడు. రంగు మెరుస్తున్న తొడుగు. ఎక్కడా కన్నం లేదు.

"నాన్నా, గాలి కన్నం..."

మర బిగిస్తున్న స్క్రూడ్రైవర్ ఆగింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాలేదు.

"ఏంటి?"

"ఏం లేదు."

పన్నెండు మరలూ ఆమె ఒక్కొక్కటే అందించింది.

రాత్రి భోజనాల దగ్గర హాల్వర్ ఆ కబురు చెప్పాడు. "నీ కూతురు ఒంటరిగా ఎగరబోతోంది లవాన్." లవాన్ బంగాళాదుంపల గిన్నె అందిస్తూ ఆగింది.

"ఆ తొడుగుకి కన్నం పెట్టారా?"

సిగ్నే ఫోర్కు పళ్ళేనికి తగిలింది. అమ్మ నోట విమానం గురించి మాట రావడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మేలో ఆ కన్నం మూసిన సంగతి నాన్న ఈ బల్ల దగ్గరే గొప్పగా చెప్పాడు; అమ్మ అది మర్చిపోలేదన్నమాట.

"నీకెందుకు ఇప్పుడు ఆ కన్నాల గొడవ? ఉప్పు ఇటివ్వు," అన్నాడు హాల్వర్ నవ్వుతూ.

లవాన్ ఉప్పు ఇచ్చింది.

శనివారం పొద్దున్న వంటింట్లో పెద్ద గిన్నెతో పాన్‌కేకుల పిండి సిద్ధంగా ఉంది. ప్రతి నెలా లవాన్ పిండి కలుపుతుంది, హాల్వర్ మైదానానికి తీసుకెళ్తాడు. ఇంటివాళ్ళ కోసం నాలుగు పెనం మీద కాలుతున్నాయి. హాల్వర్ శుభ్రమైన చొక్కా వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని బూట్లు ముడివేసుకుంటున్నాడు. మైదానం వైపు నుంచి పొద్దున్నే వచ్చిన విమానాల చప్పుడు వినిపిస్తోంది.

సిగ్నే మెట్లు దిగుతూ మూడుసార్లు ఆగింది. నాలుగోసారి ఆగితే ఇక దిగలేనని తెలిసి, గబగబా వచ్చి పత్రిక పొట్లం బల్ల మీద పెట్టింది. పత్రిక విడిపోయి ట్యూబు సగం జారింది. సిరప్ సీసా పక్కన, నల్లగా, చచ్చిన జంతువులా ఉంది.

"ఇదేంటి?" అన్నాడు హాల్వర్. అదేంటో ఆయనకి తెలుసు.

"పీపాలో దొరికింది." గొంతు తనది కానట్టు సన్నగా వచ్చింది. ఆగితే పోతుందని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "గీత నేనే గీశాను నాన్నా. ఏప్రిల్లో. ఎమెట్ తాత డబ్బా పట్టుకున్నాడు, నేను గీశాను. గీత ఉంది. రాండల్‌గారు అడిగితే నేను చూసినప్పుడు లేదన్నాను గాని, ఉంది. గాలి తగ్గడం కూడా చూశాను. అది కూడా చెప్పలేదు."

పెనం మీద పిండి చిటపటమంటోంది. హాల్వర్ రెండో బూటు ముడి నెమ్మదిగా పూర్తిచేశాడు. అరవలేదు. ఆయన అరవడని ఆమెకి తెలుసు. సిగ్నే బల్ల అంచు పట్టుకుంది.

"రెండు మైళ్ళ వేగం కోసం కన్నం మూసుకుని చేలోకి పోయినవాడు," అన్నాడాయన. "బతికినన్నాళ్ళూ నన్ను అలాగే పిలుస్తారు. ఎనిమిదేళ్ళు కట్టాను దాన్ని. ఎనిమిదేళ్ళు. ఆ ముసలాయనకి ఎలాగూ ఒకటి రెండేళ్ళే. నీకేం కావాలి? నాన్నని చూసి వాళ్ళు నవ్వాలా?"

"వద్దు."

"మరి?"

చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పేసింది. లోపల ఇంకేమీ మిగల్లేదు.

హాల్వర్ గడియారం చూశాడు. "దాన్ని పీపాలో పడేసి, నిప్పు పెట్టి రా. ఆలస్యమవుతోంది." అని, కాస్త ఆగి, దాదాపు ప్రేమగా, "వెళ్ళమ్మా," అన్నాడు.

సిగ్నే చెయ్యి ట్యూబు అందుకోవడం చూసింది. తన చెయ్యే. కాళ్ళు కూడా తనవే, తలుపు వైపు నడుస్తున్నాయి. ఆపుదామని చూసింది. ఆగలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గొంతు చెప్పిన వైపే నడిచిన కాళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగి తలుపు గొళ్ళెం కనబడలేదు.

గొళ్ళెం మీద ఇంకో చెయ్యి పడింది. పిండి అంటిన చెయ్యి.

లవాన్ కూతురి చేతిలోంచి ట్యూబు తీసుకుంది. విసురుగా కాదు, తడిబట్ట అందుకున్నట్టు. ఏప్రన్ జేబులోంచి ఆ పాత గుడ్డముక్క తీసింది. ఉతకలేదు దాన్ని, తెల్ల మరక అలాగే ఉంది, నాలుగు మడతలు మాత్రం పెట్టింది. గుడ్డని ట్యూబు మధ్యలో పెట్టి రెండూ కలిపి చుట్టింది. పెనం కింద మంట ఆర్పింది. హాల్వర్ వైపు గాని, సిగ్నే వైపు గాని చూడలేదు.

"పీపాలో వేస్తావా, నువ్వు?" అన్నాడు హాల్వర్. ఆ ప్రశ్న చివర ఆయన గొంతు కొంచెం లేచింది. అలా లేవడం సిగ్నే ఎప్పుడూ వినలేదు. ఆమెకి తెలిసిన భయమే అది. ఇన్నాళ్ళూ తనకి మాత్రమే ఉందనుకుంది.

లవాన్ తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. జాలితలుపు వెనకే వచ్చి మూసుకుంది.

వంటింట్లో ఇద్దరూ కదల్లేదు. మెట్ల మీద ఆమె ఇంటి చెప్పుల చప్పుడు, తర్వాత కంకర మీద. పీపా ఎడమ వైపు ఉంది, పదడుగుల్లో. రేకు మూత చప్పుడు కోసం ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. చెప్పుల చప్పుడు పీపా దగ్గర ఆగలేదు. కంకర అయిపోయి గడ్డి మొదలైంది కాబోలు, కాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత, దూరంగా, మైదానం గేటు గొలుసు విప్పుతున్న చప్పుడు వచ్చింది.